కార్డులో పడ్డ దృశ్యాన్ని పడ్డట్టే చూపండి: కెమెరా సంస్థలకు శ్రీకాకుళం నుంచి బహిరంగ లేఖ

డీఎస్‌ఎల్‌ఆర్ అనే లెన్సు మార్చుకోగల కెమెరాలు తయారుచేసి మన దేశంలో అమ్ముతున్న సంస్థల అధికారులకు, వారి ఉత్తరాంధ్ర పంపిణీదారులకు,

ఆర్యా,

నమస్కారం. నేను శ్రీకాకుళం పట్టణంలో ఒక చిన్న స్టూడియో నడుపుతున్నాను. ఈ జిల్లాలోనూ పక్కనున్న విజయనగరం జిల్లాలోనూ పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, గ్రామదేవతల పండగలకు ఫొటోలు, వీడియోలు తీయడం నా వృత్తి. ఈ లేఖ రాస్తున్నది నేనొక్కణ్ణే అయినా, ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర నిలబడిన ఏ స్టూడియో వాణ్ణి కదిపినా దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

మీరు కొత్తగా తెచ్చిన డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటోలతోపాటు 4కే (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్న) వీడియో కూడా తీస్తుందని ప్రకటించారు. సంతోషం. బాడీ ధరే లక్ష దాటింది. దానికి లెన్సు, రెండు కార్డులు, అదనపు బ్యాటరీ, మైకు చేరితే మాలాంటి వాడు చీటీ పాడుకునో, వడ్డీకి తెచ్చుకునో కొనవలసిన వస్తువు అది. అందుకే, ఆ కెమెరా తీసిన వీడియోలను ఎడిటింగు చేయకుండా, రంగులు దిద్దకుండా, కార్డులో ఎలా పడ్డాయో అలాగే నమూనాగా ఇవ్వండి, మా కంప్యూటర్లలో వేసి చూసుకుని కొంటాం అని కోరాం. ఇది ఉచితంగా కెమెరా అడగడం కాదు, ధర తగ్గించమని బేరమాడటం కూడా కాదు.

మొదటి ఉత్తరానికి జవాబుగా మీ ప్రకటన చిత్రం లింకు వచ్చింది. అందులో మంచు కొండలు, తెల్ల గుర్రం, సముద్రం మీద సూర్యాస్తమయం ఉన్నాయి. సముద్రం మాకూ ఉంది, కళింగపట్నంలోనూ భావనపాడులోనూ కావలసినంత. మంచు కొండలతోనే చిక్కు. రెండో ఉత్తరానికి మా అభిప్రాయం మీకెంతో విలువైనదని జవాబు వచ్చింది. మూడో ఉత్తరానికి జవాబే లేదు. ఈలోగా విశాఖపట్నంలో ఒక హోటల్లో ప్రదర్శన పెట్టారని తెలిసి, ఆ రోజు పని మానుకుని నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వెళ్లాను. కెమెరా పట్టుకోనిచ్చారు, నొక్కి చూడనిచ్చారు. నా జేబులోని కార్డు అందులో పెట్టి రెండు నిమిషాలు తీసుకుంటానంటే మాత్రం, తుది ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే సాఫ్ట్‌వేర్) ఇంకా రాలేదనీ దృశ్యాలు బయటికి వెళ్లకూడదనీ చెప్పి కార్డు తలుపు మీద అతికించిన స్టిక్కరు చూపించారు. అదే గదిలో రెండో బల్ల దగ్గర అదే కెమెరాకు అడ్వాన్సులు తీసుకుంటున్నారు. అందుకే ఇక విడిగా ఉత్తరాలు రాయడం మాని అందరి ముందూ అడుగుతున్నాను. ఏ సంస్థ పేరూ రాయడం లేదు. ఈ తీరు ఒక్కరిది కాదు.

ఇంత పట్టుదల ఎందుకని మీకు అనిపించవచ్చు. దానికో కారణముంది.

కొన్నేళ్ల కిందట వీడియో తీసే డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి కొన్నాను. షాపులో, ఏసీ గదిలో, షోకేసు బొమ్మ మీద మూడు నిమిషాలు తీసి చూపించారు. బొమ్మ మొహం మీది దుమ్ము రేణువు కూడా కనిపించింది, మురిసిపోయి కొనేశాను. నెల తిరగకుండానే నరసన్నపేట అవతల ఒక పల్లెలో పెళ్లి. తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాలకు ముహూర్తం. కొత్త కెమెరాను స్టాండు మీద పెట్టి, పెళ్లికూతుర్ని గంపలో తెస్తున్నప్పటి నుంచి ఆపకుండా నడవనిమ్మని మా కుర్రాడికి అప్పగించి, నేను ఫొటోలు తీస్తూ వేదిక మీదున్నాను. జీలకర్ర బెల్లం అయింది. పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం మొదలైంది. జనమంతా లేచి అక్షతలు వేస్తుంటే కుర్రాడు కూడా ఆ సందడిలోనే కళ్లు పెట్టాడు. మూడో ముడి పడ్డాక నేను తలతిప్పి చూస్తే, తెర మీద మూలన ఉండవలసిన ఎర్ర చుక్క లేదు. రికార్డింగు 29 నిమిషాల 59 సెకన్లకు దానంతటదే ఆగిపోయింది. మళ్లీ మీట నొక్కేసరికి పెళ్లికొడుకు తన చోట కూర్చుంటున్నాడు.

ఆ 29 నిమిషాల 59 సెకన్ల సంగతి నాకు తర్వాత తెలిసింది. అరగంట దాటి ఆగకుండా రికార్డు చేయగలిగితే యూరప్ దేశాల సుంకం లెక్కల్లో అది ఫొటో కెమెరా కాక వీడియో కెమెరా కింద జమపడి పన్ను పడేది కాబట్టి, చాలా సంస్థలు ఒక్క సెకను తక్కువ పెట్టి ఊరుకున్నాయి. యూరప్ రేవుల్లో కట్టే పన్ను కోసం మా నరసన్నపేట వైపు పెళ్లిలో తాళి ఆగిపోయిందన్నమాట. మాన్యువల్లో ఎక్కడో చివర, చిన్న అక్షరాల్లో ఈ పరిమితి రాసే ఉంది. చదువుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ షాపులో మూడు నిమిషాలకు బదులు ముప్పై రెండు నిమిషాల ఫుటేజీ నా ముందు పెట్టి ఉంటే, మాన్యువల్ చదవకపోయినా నాకు తెలిసేది.

పెళ్లికూతురి తాతగారు మంచాన ఉన్నారు. పెళ్లికి రాలేకపోయారు. డిస్కు తయారయ్యాక నేనే తీసుకెళ్లి ఆయన గదిలో టీవీలో వేశాను. తలవంచుకున్న మనవరాలు కనిపించింది. మరుక్షణం మెడలో తాళితో కనిపించింది. ఆయన దుప్పటి పక్కకు నెట్టి కొంచెం లేచి, "తాళి ఎప్పుడు కట్టీసినాడు బాబూ? నాను సూడనేదు" అన్నారు. ముందుకు వెనక్కు రెండుసార్లు తిప్పమన్నారు. తిప్పాను. ఆ ఇంటి వాళ్లు మిగతా డబ్బు నా చేతిలో పెట్టబోతే తీసుకోలేకపోయాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రకటన చిత్రం చూస్తే చాలదా అంటే, చాలదు. అది కెమెరా గురించి చెప్పేదానికన్నా దాన్ని తీసినవాళ్ల లైట్లు, లెన్సులు, రంగులు దిద్దిన మనిషి పనితనం గురించి ఎక్కువ చెబుతుంది. పైగా ఇంటర్నెట్‌లో పెట్టే ఏ వీడియో అయినా అక్కడ మరోసారి కుదించబడుతుంది కాబట్టి, చీకటి మూలల్లోని మచ్చలు కెమెరావో, కుదింపువో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఇలా అడగడం మేం కొత్తగా మొదలుపెట్టిందీ కాదు. 2008లో నికాన్ డీ90 వీడియో తీయగల తొలి డీఎస్‌ఎల్‌ఆర్‌గా వచ్చింది. అందులో హెచ్‌డీ క్లిప్పు ఒక్కోటి 5 నిమిషాలకు మించదు, శబ్దం మోనో. కొద్ది వారాలకే కెనాన్ 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీతో వచ్చింది. అది అమ్మకానికి రాకముందే ఒక అమెరికా ఫొటోగ్రాఫర్ చేతికి వారాంతం పాటు ఇస్తే, ఆయన రాత్రి వీధుల్లో తీసిన చిన్న చిత్రం చూసి లోకమంతా ఆ కెమెరా వైపు తిరిగింది. అంటే దాని గుణాన్ని నమ్మించినది కాగితం మీది అంకెలు కాదు, చీకట్లో తీసిన దృశ్యం. అదే కెమెరాలో మొదట్లో వీడియోకు ఎక్స్‌పోజరు, అంటే లోపల పడే వెలుగు మోతాదు, చేత్తో పెట్టుకునే వీలు లేదు. వాడుకరులు గట్టిగా అడిగితే 2009లో ఫర్మ్‌వేర్ ద్వారా ఇచ్చారు. సెకనుకు 30 ఫ్రేములు (వీడియోలోని విడి బొమ్మలు) తప్ప మరో దారి లేని ఆ కెమెరాకు 24, 25 ఫ్రేములు 2010 మార్చిలో వచ్చాయి. అడిగితే మార్చిన చరిత్ర మీ పరిశ్రమకే ఉంది కాబట్టే మాకు ఇంకా ఆశ ఉంది.

ఆ 25 ఫ్రేముల సంగతి మీ అధికారుల్లో ఎంతమంది పట్టించుకుంటారో కానీ, మాకది అన్నం పెట్టే అంకె. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది. ఆ లెక్కన పందిట్లో మామూలు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. 25 ఫ్రేములు, షట్టరు (ఒక్కో ఫ్రేము వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు పెడితే ప్రతి ఫ్రేముకూ సమానంగా వెలుగు అందుతుంది. 30 ఫ్రేములు, 1/60 పెడితే ఒక్కో ఫ్రేముకు ఒక్కో మోతాదు పడి, టీవీలో పెళ్లి పందిరంతా గుడ్డిదీపంలా కొట్టుకుంటుంది. అమెరికాలో కరెంటు 60 ఆవృత్తులు. జపాన్‌లో అయితే టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60. అక్కడ ఏ దీపాల కింద తీశారో చెప్పని నమూనా మాకు అక్కరకు రాదు. ఎండలో తీసినది అసలే రాదు, ఎండలో ఏ కెమెరా అయినా మంచిదే.

కాబట్టి కింది అంశాలను మీ ముందు ఉంచుతున్నాను. ఏది లేకపోతే ఎవరికి నష్టమో కూడా దానితోపాటే రాశాను.

1. నమూనా వీడియో కార్డులో పడిన అసలు ఫైలు రూపంలోనే ఉండాలి. ప్రతి క్లిప్పుకూ వాడిన లెన్సు, అపెర్చరు (లెన్సు రంధ్రం ఎంత తెరిచారో), షట్టరు, ఐఎస్‌ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలన్న అమరిక), ఫ్రేముల వేగం, పిక్చర్ స్టైలు (రంగుల అమరిక), ఫర్మ్‌వేర్ సంఖ్య ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. తుది ఫర్మ్‌వేర్ కాదంటారా, ఆ మాటే కాగితం మీద రాయండి. చదివి అర్థం చేసుకోగలం. ఫర్మ్‌వేర్ పూర్తికాకుండా అడ్వాన్సు తీసుకోవచ్చు గానీ దృశ్యం ఇవ్వకూడదనడం ఏ రకంగా న్యాయమో మాకు బోధపడలేదు.

2. రాత్రి ముహూర్తం వెలుగులో తీసిన దృశ్యం కావాలి. మా పందిట్లో ఒకేసారి మూడు నాలుగు రకాల వెలుగు ఉంటుంది: పైన ట్యూబులైట్లు, వేదిక వెనక ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు, పక్క నుంచి హాలోజన్, మధ్యలో హోమం. ఒకే దృశ్యాన్ని ఐఎస్‌ఓ 800, 1600, 3200, 6400 పెట్టి వరుసగా తీయండి. అందులో పసుపు రాసుకున్న చామనఛాయ మొహం తప్పకుండా ఉండాలి. మీ నమూనాల్లో కనిపించే తెల్లని మొహాలు తక్కువ వెలుగులో పడే రంగు మచ్చలను, అంటే నాయిస్‌ను దాచేస్తాయి. మా ఆడపిల్లల మొహాల నీడల్లో అది ఎర్రగా, ఆకుపచ్చగా పొక్కుల్లా పైకి తేలుతుంది. ఎడిటింగులో దాన్ని నున్నగా తుడిస్తే మొహం మైనపు బొమ్మలా తయారవుతుంది, అప్పుడు పెళ్లికూతురి తల్లి నన్నే అడుగుతుంది. ఇంకో మాట. మా పెళ్లి వీడియోలు ఎక్కువగా చూసేది పెళ్లికి రాలేనివాళ్లే. ఈ రెండు జిల్లాల ఇళ్లలో సైన్యంలో ఉన్న కొడుకో, హైదరాబాదులోనో చెన్నైలోనో కూలికి వెళ్లిన తమ్ముడో, గుజరాత్ తీరంలో చేపల వేటకు వెళ్లిన బావో లేని ఇల్లు తక్కువ. వాళ్లకు చేరేది ఫోనుకు సరిపోయేలా మళ్లీ మళ్లీ నలిగిన వీడియో. మూలంలోనే నాయిస్ ఉంటే అక్కడికి చేరేసరికి చెల్లెలి మొహం గళ్లు గళ్లుగా మిగులుతుంది. సెలవు దొరకని వాడికి ఆ పెళ్లి అంతే.

3. ఎల్‌ఈడీ సీరియల్ సెట్ల ముందు 25 ఫ్రేముల దగ్గర షట్టరు 1/50, 1/100, 1/200 మార్చి తీసినది విడిగా ఇవ్వండి. వీటిలో చాలావాటికి ట్యూబులైటు లెక్క వర్తించదు, ఎంత సర్దినా తెర మీద నల్ల పట్టీలు పాకుతాయి.

4. కనీసం ఒక్క క్లిప్పు మొదటి నుంచి ఆగేదాకా పూర్తి నిడివితో ఉండాలి. మే నెలలో, మధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద, ఫ్యాను గాలి కూడా తగలనిచోట తీయండి. ఎంతసేపటికి వేడి హెచ్చరిక వచ్చింది, ఎంతసేపటికి ఆగింది, మళ్లీ ఎంతసేపటికి లేచింది అన్నది మాకు తెలియాలి. ఇది లేక నాకేం జరిగిందో పైన రాశాను.

5. కదలిక. డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సరు ఒక ఫ్రేమును ఒక్కసారిగా కాక పై వరస నుంచి కింది వరసకు చదువుకుంటూ వస్తుంది. ఆ చదవడం మందకొడిగా ఉంటే, కెమెరాను పక్కకు తిప్పినప్పుడు నిటారు వస్తువులు ఒరుగుతాయి. పక్కవాడి ఫ్లాష్ వెలిగితే ఫ్రేములో సగం తెల్లబడి సగం చీకటిగా మిగులుతుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం తీసిన ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. ఊరేగే పొడవాటి మాను చివర కూర్చున్న పూజారిని వదలకుండా మూడు లాంతర్ల కూడలి దగ్గర నుంచి కోట వైపు కెమెరా తిప్పుతూ పోతే, వెనకున్న మేడలన్నీ తాగినట్టు తూలుతాయి. అక్కడ రెండో టేకు ఉండదు. మాను కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, ఆ మూడూ అయిపోతే మళ్లీ ఏడాదికే. తప్పెటగుళ్ల బృందం గెంతులు వేస్తుండగా ఒక నిమిషం, పది మంది ఫ్లాష్‌లు కొడుతున్న తలంబ్రాల దగ్గర ఒక నిమిషం తీసి ఇచ్చినా చాలు, మాకు సరిపోతుంది.

6. బట్టలు. ఇది మీకు చిన్న విషయంగా కనబడవచ్చు, మాకు కాదు. సెన్సరులోని కోట్ల చుక్కల నుంచి వీడియోకు కావలసినన్ని వరసలు ఏరుకునేటప్పుడు కొన్ని కెమెరాలు మధ్య వరసలను వదిలేస్తాయి. సన్నని నేత మీద ఆ లెక్క తప్పి ఇంద్రధనుస్సు చారలు పుడతాయి. మా జిల్లాలో పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికిన నూలుతో నేసే సన్నని ఖద్దరు అది. పెళ్లి పెద్దలు ఆ పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చుంటారు. నా పాత కెమెరాలో ఒక పెద్దాయన పొందూరు పంచె మీద, ఆయన కదిలినప్పుడల్లా ఊదా, ఆకుపచ్చ చారలు అలల్లా పాకాయి. "ఇదేటి బాబూ, నా పంచెకి రంగులేసినావు?" అని ఆయన నవ్వుతూనే అడిగారు గానీ, ఆ పంచె ధర ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఎడిటింగులో ఆ చారలు పోవు. కాబట్టి పొందూరు పంచె ఒకటి, దగ్గర దగ్గర జరీ గీతలున్న పట్టుచీర ఒకటి, దూరం నుంచి, దగ్గర నుంచి, ఫుల్ హెచ్‌డీలో, 4కేలో తీసి చూపండి. పంచె దొరకడం కష్టమంటే నాది పంపిస్తాను.

7. శబ్దం. కెమెరాలోని మైకుతో ఒకటి, 3.5 మిల్లీమీటర్ల సాకెట్లో బయటి మైకు పెట్టి ఒకటి. శబ్దం స్థాయిని కెమెరా దానంతటదే సర్దుకునే ఏర్పాటు ఆపడానికి వీలుందో లేదో చెప్పండి. ఆ వీలు లేకపోతే పురోహితుడి మంత్రం నెమ్మదించినప్పుడల్లా బుస్సుమనే హోరు పైకి వస్తుంది, గట్టిమేళం మొదలవగానే డోలు చప్పుడు పగిలిపోతుంది. ఒకసారి బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ తీయడానికి వెళ్లాను. ఒకే పనస దుంగ నుంచి చెక్కిన ఆ వీణ మీద వేలు తీగను వదిలాక నాదం చాలాసేపు నిలిచి సన్నబడుతుంది. నా రికార్డింగులో అది సన్నబడటం మొదలుకాగానే హోరు లేచి దాన్ని మింగేసింది. డోలు ఒక నిమిషం, వీణ ఒక నిమిషం. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

8. పెళ్లికూతురు మన వైపు నడిచి వస్తుండగా ఆటోఫోకస్ వెంట వస్తుందా, ముందుకు వెనక్కు తడుముకుంటుందా, ఆ తడుములాట చప్పుడు మైకులో పడుతుందా.

9. ఒకే లెన్సు, ఒకే చోటు; ఫొటో ఒకటి, ఫుల్ హెచ్‌డీ ఒకటి, 4కే ఒకటి. కొన్ని కెమెరాలు 4కేకు మారగానే సెన్సరు మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుని అంచులు కత్తిరిస్తాయి. మా పెళ్లిళ్లు ఎక్కువగా ఇళ్ల ముందు, ఇరుకు వీధుల్లో జరుగుతాయి. వెనక్కి జరుగుదామంటే వెనక గోడ ఉంటుంది. నిజంగా ఎంత కోత పడుతుందో తెలియకుండా కొంటే ఇంకో వైడ్ లెన్సు కొనాలి, అంటే ఇంకో అప్పు.

10. ఫైలు బరువు చూడటానికి కూడా అసలు ఫైలే కావాలి. సెకనుకు 100 మెగాబిట్లతో రికార్డయితే గంటకు 45 జీబీ. 64 జీబీ కార్డు గంటా పాతిక నిమిషాలకు నిండిపోతుంది. స్నాతకం నుంచి అప్పగింతల దాకా తీసేవాడికి ఎన్ని కార్డులు, ఎన్ని హార్డ్ డిస్కులు కావాలో మీరే లెక్క వేసుకోండి. పైగా మా ఊళ్లలో ఎడిటింగు చేసే కుర్రాళ్ల కంప్యూటర్లు ఆ ఫైలును తెరుస్తాయో, ఫ్రేము ఫ్రేముకూ ఆగుతాయో ముందే తెలియాలి. వాళ్లూ అప్పుల మీద కొన్న కంప్యూటర్లే.

ఈ పదింటిలో మీకు రహస్యం కాగలిగినది ఏదీ లేదు. ఖర్చు కూడా పెద్దది కాదు. ఒక కెమెరా, ఒక మనిషి, రెండు రోజులు. ప్రకటన కోసం తెల్ల గుర్రాన్ని మంచు కొండ ఎక్కించిన ఖర్చులో ఇది ఎన్నో వంతో నేను చెప్పనక్కరలేదు.

మీ పంపిణీదారులు మాటల్లో చెప్పిన రెండు అభ్యంతరాలకు జవాబిస్తాను. ఒకటి, నమూనా దృశ్యంలో లోపాలు కనబడితే అమ్మకాలు పడిపోతాయన్నది. ఏ కెమెరాకైనా లోపం ఉంటుందని మాకు తెలుసు. ఎల్‌ఈడీ ముందు పట్టీలు వస్తాయని ముందే తెలిస్తే డెకరేషన్ వాళ్లతో మాట్లాడి సెట్లు మార్పించుకుంటాం. అరగంటకు ఆగుతుందని తెలిస్తే ఇరవై అయిదో నిమిషంలో, జీలకర్ర బెల్లానికి ముందే, ఆపి మళ్లీ మొదలుపెడతాం. తెలిసిన లోపంతో కాపురం చేయగలం, ముహూర్తం వేళ బయటపడే లోపంతోనే చేయలేం. రెండోది, అద్దెకు తెచ్చుకుని చూసుకోవచ్చు కదా అన్నది. కొత్త మోడల్ అద్దెకు విశాఖపట్నం చేరేసరికి ఎన్ని నెలలు పడుతుందో, అది శ్రీకాకుళం రావడానికి ఇంకెన్ని నెలలు పడుతుందో మీకు తెలియనిది కాదు. అప్పటికి సీజను అయిపోతుంది, మొదటి విడతలో కొన్నవాళ్ల వాయిదాలు మొదలవుతాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కొనే వస్తువు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కును వినియోగదారుడికి ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి కూడా అందులో ఉంది. మిమ్మల్ని కోర్టుకు ఈడ్చాలని ఈ మాట రాయడం లేదు. మేం అడుగుతున్నది దయ కాదని గుర్తు చేయడానికి రాస్తున్నాను.

తోటి స్టూడియో మిత్రులకు ఒక్క మాట: షాపులో మూడు నిమిషాలు చూసి అడ్వాన్సు కట్టకండి. మీ కార్డు మీరే తీసుకెళ్లండి, పెట్టనివ్వకపోతే ఎందుకు పెట్టనివ్వరో కాగితం మీద రాసివ్వమనండి.

చివరిగా మా కోరికలు. ఈ పది అంశాల నమూనా ఫైళ్లను మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు, శ్రీకాకుళంలో ఒక చోట, విజయనగరంలో ఒక చోట మీ డీలర్ల దగ్గర ఉంచండి. నెట్‌లో పెట్టగలిగితే సంతోషమే గానీ, అంతంత ఫైళ్లు దింపుకునే నెట్ అన్ని పల్లెల్లో లేదు కాబట్టి డీలరు దగ్గర కాపీ చేసుకునే వీలు తప్పనిసరి. వాటితోపాటు రికార్డింగు పరిమితులన్నీ ఒక్క పేజీలో, తెలుగులో, మామూలు సైజు అక్షరాల్లో అచ్చువేసి పెట్టెలో పెట్టండి. రెండు పట్టణాల్లోనూ ఒక్కో రోజు కెమెరాను తెచ్చి, మా కార్డులతో, మా లైట్ల కింద మమ్మల్ని తీసుకోనివ్వండి. కల్యాణ మండపం అద్దె మేం చందా వేసుకుని కడతాం. అప్పటిదాకా నేను అడ్వాన్సు కట్టను. నన్ను సలహా అడిగినవాళ్లకూ కట్టమని చెప్పను.

కాపీ చేసుకోవడానికి పెన్ డ్రైవులు మేమే తెచ్చుకుంటాం. పొందూరు పంచె ఉతికించి మడతపెట్టి ఉంచాను, ఏ చిరునామాకు పంపాలో చెప్పండి.

ఇట్లు,
శ్రీకాకుళం పట్టణంలో పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియో యజమాని